నాలుగు వేళ్ళ సందు

2022 ఫిబ్రవరి. నర్సీపట్నంలో మా అల్యూమినియం షాపు పెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. కిటికీలు, పార్టిషన్లతో మొదలుపెట్టి తర్వాత ఎలివేషన్ పనిలోకి దిగాను. ఎలివేషన్ అంటే భవనానికి రోడ్డువైపు కనబడే ముఖం. ఆ ముఖానికి మెరుపు తొడగడం మా పని. మా ఊళ్ళో ఐదంతస్తులు లేచిందంటే అదే ఆకాశహర్మ్యం. గొలుగొండ నుంచి వచ్చేవాళ్ళు బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి మరీ చూస్తారు. అలాంటివి నాలుగు తొడిగాను అప్పటికి. ఆ రోడ్ల మీద వెళ్తున్నప్పుడు నా తల కూడా కాస్త ఎత్తుగానే ఉండేది.

ఐదోది ఒక ప్రసూతి ఆసుపత్రి. డాక్టర్ వరలక్ష్మి గారిది. గొలుగొండ దగ్గర పల్లెలో చెరకు రైతు కూతురు ఆవిడ. పన్నెండేళ్ళు అద్దె ఇంట్లో క్లినిక్ నడిపి, చివరికి సొంత భవనం కట్టుకుంటున్నారు. శ్రీరామనవమికి ప్రారంభం. శుభలేఖలు కూడా అచ్చయిపోయాయి.

“రమణగారూ, కాన్పంటే విశాఖ పరిగెత్తక్కర్లేదని మన ఊరి ఆడపిల్లలకి ఆ బిల్డింగ్ చూడగానే ధైర్యం రావాలి. మెరిసిపోవాలి” అన్నారు.

మెరిపించడం ఒక్కటే నాకు బాగా వచ్చిన విద్య. “నాకొదిలెయ్యండి మేడమ్” అన్నాను.

ఆ మెరుపు దేనితో వస్తుందో చెప్పాలి. ఏసీపీ షీటు అంటారు. క్రీమ్ బిస్కెట్ లాంటిది. పైన, కింద పల్చటి అల్యూమినియం పొరలు, మధ్యలో క్రీముకి బదులు ప్లాస్టిక్. ఆ మధ్య పొరని కోర్ అంటాం. గోడకి ముందుగా గొట్టాలతో ఫ్రేమ్ బిగించి, దానిమీద ఈ షీట్లు తొడుగుతాం. అందువల్ల గోడకీ షీటుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు మిగులుతుంది. కింద నుంచి పైదాకా అది ఎక్కడా ఆగదు. ఆ సందులో వైర్లు పోతాయి, మేస్త్రీ కట్టిన గోడ వంకర కనబడకుండా దాగుతుంది. దాని ఉపయోగాలు నాకు తెలిసినంతవరకు అవే.

డాక్టరుగారి నాన్నగారు సన్యాసినాయుడు గారు. డెబ్బై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండిన చెరకుగడలా ఉంటారు. నలభై ఏళ్ళుగా సొంత గానుగ దగ్గర బెల్లం వండుతున్నారు. పెనంలో పాకం ఎప్పుడు దించాలో ఆయన వాసనతో చెప్పగలరని ఆ చుట్టుపక్కల పేరు. అది బెల్లం వండే కాలమే అయినా, కూతురి భవనం చూసుకోకుండా ఉండలేక రోజూ పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చి, ఇసక గుట్ట మీద గంటసేపు కూర్చుని వెళ్ళేవారు. ఎవరి పనికీ అడ్డు రారు, సలహాలివ్వరు. యజమాని తండ్రి అలా ఉండటం మా వృత్తిలో నేను మళ్ళీ చూడలేదు.

ఒకరోజు ఆయన మేం కోసి పడేసిన షీటు ముక్కలు రెండు చేతిలోకి తీసుకున్నారు.

“ఇవి పారేత్తారేటి బాబూ?”

“అవునండి, చెత్తే అది.”

“మా పొయ్యి మూతి కాడ సాయంత్రం పూట గాలి కొడతంది. ఈ రేకులు అడ్డం పెట్టుకుంటాను. పట్టికెళ్ళనా?”

“ఎన్ని కావాలంటే అన్ని తీసుకెళ్ళండి నాయుడుగారూ” అన్నాను. నా ఫోర్‌మన్ ఈశ్వరరావైతే, ఎత్తుకోవడానికి వీలుగా తాడుతో కట్టి మరీ ఇచ్చాడు. లోపలి ఆ ప్లాస్టిక్‌ని మేం ఇద్దరం రోజూ చేత్తో కోసేవాళ్ళం. పొయ్యి మూతి దగ్గర పెట్టుకుంటానన్న మనిషికి నవ్వుతూ ఇచ్చి పంపాం.

రెండు రోజులు ఆయన కనబడలేదు. మూడో రోజు చంకలో గోనెసంచితో వచ్చారు. కుడిచేతికి తెల్లగుడ్డ చుట్టి ఉంది. ఇసక గుట్ట మీద కూర్చోకుండా నేరుగా నా దగ్గరికొచ్చి, సంచిలోంచి ఒక వస్తువు తీసి షీట్లు కోసే నా రౌటర్ మిషను బల్ల మీద పెట్టారు.

మొన్నటి షీటు ముక్కే. అల్యూమినియం పొరలు రెండూ విడిపోయి, వాడిన ఆకుల్లా ముడుచుకున్నాయి. మధ్యలో కోర్ సగానికి పైగా లేదు. మిగిలింది నల్లగా కారి, అంచున చుక్కలు చుక్కలుగా గడ్డకట్టింది.

“ఇదేటి బాబూ?”

“షీటేనండి.”

“రేకు గదా. రేకు కాల్తాదేటి?”

ముక్కని చేతిలోకి తీసుకున్నాను. ఆయనే చెప్పారు.

“మంట తగల్నేదు. సెగే తగిలింది. కొంచేపటికి అంచు నుంచి కారడం మొదలెట్టింది. కారిందల్లా మండుకుంటానే కింద పడతంది. లాగేద్దామని సెయ్యి పెట్టేను, సుక్క పడింది. పడింది మరి వదల్నేదు.”

“అయ్యో, డాక్టరుగారికి చూపించారా?”

“దానికి సెప్తే పొయ్యి కాడికి ఎల్లనివ్వదు. నువ్వూ సెప్పకు.”

లోపల ప్లాస్టిక్ ఉందని ఇన్నేళ్ళు కోసినవాడికి తెలియదా అని మీరు అడగవచ్చు. తెలుసు. రౌటర్ తిప్పినప్పుడల్లా ఆ నల్లటి పొట్టు నా జుట్టులోనే పడుతుంది. ఫైర్ గ్రేడ్ అనే వేరే రకం ఉందనీ తెలుసు, కేటలాగులో చివరి పేజీలో ఉంటుంది. డ్రాయింగులో ఏసీపీ అని రాసి ఉంటే ఎప్పుడూ తెచ్చేదే తెచ్చేవాణ్ణి. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పైకి అల్యూమినియం కనబడుతుంటే లోపలిది కాలుతుందన్న సంగతి ఒక్కనాడూ నా బుర్రకి తట్టలేదు. తెలియడం వేరు, తట్టడం వేరు.

నాయుడుగారు తలెత్తి భవనం వైపు చూశారు. అప్పటికి మూడంతస్తులకి షీట్లు తొడిగేశాం.

“ఆటెనక ఏటుంది?”

“సందండి.”

“ఎంత?”

నాలుగు వేళ్ళు చూపించాను.

“ఎందాకా?”

“కింద నుంచి పైదాకా.”

ఆయన భవనం దగ్గరికి నడిచారు. షీట్ల అడుగు అంచు దగ్గర వంగి, బాగున్న ఎడమచేతిని ఆ సందులోకి పెట్టారు. అలాగే కాసేపు ఉంచారు. గాలి పైకి లాగుతోందో లేదో చూస్తున్నారని నాకు తర్వాత అర్థమైంది. చెయ్యి తీసి, తిట్టినట్టుగా కాకుండా మామూలుగానే అన్నారు.

“బాబూ, మా అమ్మాయికి నువ్వు పొగ్గొట్టం కట్టేవు.”

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. పంతొమ్మిదేళ్ళలో ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు నా పనిని చూసి ఎన్నో అన్నారు. సందులో చెయ్యి పెట్టి చూసినవాడు ఆయనొక్కడే.

“అమ్మాయికి నువ్వు సెప్తావా, నాను సెప్పాలా?”

“రెండు రోజులు టైమివ్వండి నాయుడుగారూ” అన్నాను. నిజం చెబితే పరువు పోతుందనే భయం. ప్రారంభానికి ఆరేడు వారాలే ఉన్నాయి. మూడంతస్తులు విప్పడం అంటే ఊరంతా చూస్తుండగా నా తప్పుని నేనే కిందికి దించడం.

“రెండ్రోజులెందుకు? రేపు మద్దేనం మా గానుగ కాడికి రండి, అమ్మాయినీ నాను రమ్మంటాను. ఒక నిండు రేకు అట్టుకురా” అని బస్సు వేళైందని వెళ్ళిపోయారు.

మర్నాడు ఈశ్వరరావూ నేనూ ఎనిమిదడుగుల షీటు ఒకటి ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళాం. గానుగ పాకకి దూరంగా, పొలం గట్టున ఒక పాత ఇటుక గోడ ఉంది. దాని పక్కన నీళ్ళ డ్రమ్ములు నింపి, తడిపిన గోనెలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారాయన. డాక్టరుగారు కారు దిగి, తండ్రి చేతికి కట్టు చూసి మండిపడ్డారు. ఆయన అదేమీ విననట్టే నన్ను ఆ షీటుని నిలువునా మూడు పట్టీలుగా కోయమన్నారు.

జరిగిందంతా అక్కడే నేనే చెప్పాను డాక్టరుగారికి. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. ఆవిడ విన్నారు, కానీ మనసొప్పలేదు.

“విశాఖలో ఎటు చూసినా ఇవే కదా నాన్నా. అన్నీ తగలబడిపోతున్నాయా?”

“మన పాకా నలభై ఏళ్ళల్లో తగలబళ్ళేదు. అయినా రోజూ డ్రమ్ములు నింపుతాం గాదా?” అన్నారాయన. “ముందు సూడమ్మా.”

మొదటి పట్టీని బయట ఒక రాటకి ఆనించి నిలబెట్టి, అడుగున గుప్పెడు ఎండు చెరకు పిప్పి వేసి వెలిగించారు. అంటుకుంది. కానీ బద్ధకంగా, పొగ కక్కుతూ, చుక్కలు రాలుస్తూ మెల్లగా పైకి పాకింది. మోకాలి ఎత్తుకి వచ్చేసరికి ఆయన తడిగోనె కప్పి ఆర్పేశారు.

రెండో పట్టీని మేం పనిలో బిగించినట్టే గోడకి బిగించమన్నారు, నాలుగు వేళ్ళ సందుతో. రెండు పక్కలా బంకమట్టి మెత్తారు. అడుగున మళ్ళీ అదే గుప్పెడు పిప్పి.

వెలిగించగానే మంట బయటికి కనబడలేదు. లోపలికి వంగి, సందులోకి దూరిపోయింది. ఆరిపోయిందనుకున్నాను. అప్పుడు గోడలోంచి ఒక చప్పుడు మొదలైంది. మొదట గాలి ఊదినట్టు సన్నగా, తర్వాత లారీ ఎత్తు ఎక్కుతున్నట్టు. ఈశ్వరరావు నా భుజం పట్టుకున్నాడు. మరుక్షణం పట్టీ పై అంచు నుంచి మంట ఒక్కసారిగా బయటికి తన్నింది. గోడకన్నా ఎత్తు, ఆ పైన ఇంకో మనిషంత ఎత్తు. మేం ముగ్గురం తెలియకుండానే వెనక్కి నడిచాం. కింద పెట్టింది గుప్పెడు పిప్పి. మధ్యలోని ఎనిమిదడుగుల షీటుని మంట ఎప్పుడు ఎక్కిందో మా కళ్ళకి అందలేదు.

భయం ఉంది, కానీ భయం ఒక్కటే కాదు. దేవుడి ఊరేగింపు ఎదురుగా వస్తే పక్కకి తప్పుకుని నిలబడతాం చూడండి, అలా నిలబడ్డాను. ఇన్నాళ్ళూ నేను నాలుగు భవనాలకి ఇంత పెద్ద మంటని అడుగున పడుకోబెట్టి, దారి కూడా కట్టి వచ్చానన్నమాట.

“పిప్పి కుప్ప మీద నిప్పేత్తే పొగే వస్తాది” అన్నారు నాయుడుగారు, గోనెలతో అది ఆర్పి, చెమట తుడుచుకుంటూ. “అదే పిప్పి పొయ్యిలో ఏత్తే పెనం ఉడికిపోద్ది. తేడా ఏటి? ఎనకాల గొట్టం. నిప్పుకి దారి సూపిత్తే అది మెట్లెక్కదమ్మా, ఎగురుద్ది.”

ఇంకా మూడో పట్టీ ఉంది. దాన్నీ అలాగే బిగించాం. అయితే ఈసారి ఆయన సందు మధ్యలో, నడుము ఎత్తున, తడి మట్టిముద్ద అడ్డంగా కూరారు. మళ్ళీ గుప్పెడు పిప్పి. మంట లోపలికి దూరింది, చప్పుడు మొదలైంది, మట్టిముద్ద దాకా వచ్చి ఆగిపోయింది. పైన ఏమీ రాలేదు. ముద్దకి కిందనున్న షీటు మాత్రం బయటివైపుకి చీలి, కారుతూ, మండుతూనే ఉంది.

“సూసేవా? మూతేత్తే దారి ఆగుద్ది. కానీ రేకు కాలడం ఆగదు. రెండూ సూసుకోవాలి” అన్నారు నాతో.

పెద్ద భవనాలకి ప్రతి అంతస్తు దగ్గరా ఆ సందుని మూసేస్తారనీ, దాన్ని ఫైర్ స్టాప్ అంటారనీ నేను ఆ తర్వాతే చదివి తెలుసుకున్నాను. బడి గడప తొక్కని మనిషి దాన్ని ఆ మధ్యాహ్నం మట్టితో చేసి చూపించాడు. ఆయనకి దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. “ఇదేటి బాబూ” అని చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

డాక్టరుగారు ఇంకా ఆ గోడనే చూస్తున్నారు. నాయుడుగారు మెల్లగా అడిగారు.

“అమ్మా, మూడో అంతస్తులో ఎవుల్ని పడుకోబెడతావు?”

“ఆపరేషన్ అయినవాళ్ళని.”

“పిల్లలో?”

“పక్కనే, తల్లుల దగ్గరే.”

“పొద్దున్న కుట్లు పడిన పిల్ల, సంటిదాన్ని ఎత్తుకుని ఎన్ని మెట్లు బేగి దిగుద్ది?”

ఆ ప్రశ్నకి జవాబు మా అందరికన్నా డాక్టరుగారికే బాగా తెలుసు. ఆవిడ నావైపు తిరిగి, “రేపే విప్పడం మొదలుపెట్టండి రమణగారూ” అన్నారు. కారెక్కబోతూ ఆగి, వెనక్కి వచ్చి, తండ్రి చేతికున్న గుడ్డ విప్పి చూసి, అక్కడే గట్టు మీద కూర్చోబెట్టి కొత్త కట్టు కట్టారు.

విప్పిన ఆ పది రోజులూ మా వృత్తిలో ఎవరికీ రాకూడదు. దారిన పోయేవాడల్లా ఆగి కారణం అడిగేవాడు. “పెళ్ళికూతురి నగలు పీటల మీదే విప్పిస్తున్నట్టుంది గురూ” అన్నాడు ఈశ్వరరావు పరంజీ మీద నుంచి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. విప్పిన కూలి నేనే పెట్టుకున్నాను.

తర్వాత ఫైర్ గ్రేడ్ షీట్లు తెప్పించాను. వాటిలో ప్లాస్టిక్ తక్కువ, రాతిపొడి లాంటి ఖనిజం ఎక్కువ. అవి దిగిన రోజు నాయుడుగారు చెరకు పిప్పి జేబులో పెట్టుకుని వచ్చారు. షీటు మీద అంటించిన ఫిల్మ్ మీద ఫైర్ గ్రేడ్ అని పెద్దక్షరాలే ఉన్నాయి. ఒక ముక్క కోసి మంట పెడితే పాతదానిలాగే టపటపా కారింది. మొత్తం లోడు తిప్పి పంపాను. రెండోసారి వచ్చినవి నల్లబడ్డాయి గానీ కారలేదు, మంట తీసేయగానే ఆరిపోయాయి. బిగించాక ఆ ఫిల్మ్ ఎలాగూ పీకి పారేస్తాం. అందుకే ఆనాటి నుంచి ఏ షీటుకైనా నేను రాత చదవడం మానేసి, అంచు కోసి, కాల్చి చూస్తున్నాను.

ఆ షీట్లు కూడా కింది రెండంతస్తులకే వాడాం. తల్లులుండే పై మూడంతస్తులకీ ఉత్త సిమెంటు ప్లాస్టరింగు, రంగు. ఇది డాక్టరుగారి నిర్ణయమే. షీట్లున్న చోట ప్రతి శ్లాబు దగ్గరా సందులో రాక్‌వూల్ కూరి, కింద ఇనప పట్టీ బిగించాం. రాక్‌వూల్ అంటే రాతిని కరిగించి దూదిలా తీసినది, కాలదు. నాయుడుగారు దాన్ని వేళ్ళతో నలిపి చూసి, “నా మట్టిముద్దకి పట్నం పేరెట్టేరు” అన్నారు.

శ్రీరామనవమికి ప్రారంభం జరిగింది. మెరుపు సగమే ఉంది. వచ్చినవాళ్ళలో ఒకాయన డబ్బు చాల్లేదేమోనని నా చెవిలోనే గొణిగాడు. పానకం గ్లాసు పట్టుకుని ఒక మూల నిలబడ్డాను. నాయుడుగారు వచ్చి పక్కన నిలబడ్డారు.

“ఇది బాగు సేసేవు. మంచిదే. మరి ఇంతకుముందు ఊళ్ళో ఎన్నింటికి కట్టేవు?”

“నాలుగండి.”

“ఆళ్ళకి సెప్పేవా?”

పానకం గ్లాసు కింద పెట్టి, లేదని తల ఊపాను. ఆయన లోపలికి వెళ్ళి, అదే గోనెసంచి తెచ్చి నా చేతిలో పెట్టారు. మొదటిరోజు నా బల్ల మీద పెట్టిన కాలిన ముక్క అందులో ఉంది.

“ఇది అట్టికెళ్ళు. నోటితో సెప్తే నమ్మరు.”

ఆ ముక్క పట్టుకుని నాలుగు గుమ్మాలూ ఎక్కాను. ఒక స్కూలు కరస్పాండెంటు గారు ముక్కని తిప్పి తిప్పి చూసి, ఆ వేసవి సెలవుల్లోనే విప్పించేశారు. బట్టల షాపాయన సంవత్సరం నాన్చి, సగం విప్పించి, మిగతాది మరుసటేడు విప్పించారు. కల్యాణమండపం వాళ్ళు నన్ను లోపలికి రానివ్వలేదు, కానీ నెల తిరక్కుండా వేరే వాళ్ళ చేత మార్పించుకున్నారు. నాకు అదే చాలు. నాలుగోది లాడ్జి, ఐదంతస్తులు. దాని యజమాని మాత్రం ఒప్పుకోలేదు.

“నువ్వే కట్టేవు, నువ్వే పీకమంటున్నావు. నీకు పనుల్లేవేటి?” అన్నాడు మొదటిసారి. ఆ మాటా నిజమే. అయినా ఆరు నెలలకోసారి వెళ్తూనే ఉన్నాను. తర్వాత తర్వాత నన్ను చూడగానే, “వచ్చేవా? కూకో” అని టీ కూడా చెప్పేవాడు. టీ తాగి, ముక్క సంచిలో పెట్టుకుని వచ్చేసేవాణ్ణి.

కిందటి నెల వెళ్ళినప్పుడు మళ్ళీ అంతా చెప్పకుండా, నాయుడుగారు కూతుర్ని అడిగిందే అడిగాను. “పై అంతస్తులో ఎవరుంటారండీ?”

“అద్దెకివ్వం. మేమే ఉంటాం” అన్నాడు. “నాను, మా ఆవిడ, కోడలు, మనవరాలు.”

అని లేచి బయటికి నడిచాడు. మెట్ల పక్కన షీట్లు ముగిసే చోట వంగి, గోడకీ షీటుకీ మధ్య చెయ్యి పెట్టాడు. నాలుగు వేళ్ళూ లోపలికి పోయాయి. తలెత్తి పైదాకా చూశాడు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం కేటలాగులో లేదు. గోడకి ఏది తొడిగినా ముందు దాని వెనక చెయ్యి పెట్టి చూడాలి, ఆ పైన ఎవరు నిద్రపోతారో అడగాలి. ఈ రెండూ తెలియడానికి నాకు పంతొమ్మిదేళ్ళూ, ఒక పెద్దాయన కాలిన చెయ్యీ పట్టాయి. సోమవారం ఆ లాడ్జికి పరంజీ కడుతున్నాం.